అంగడివీధిలో కచ్చేరి: ముందు బండ్లకు చోటు

(బట్లహళ్ళి, చింతామణి, బాగేపల్లి ప్రాంతాల నుండి వచ్చి బెంగళూరులో స్థిరపడిన తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంట తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ కలిసిన మాట. ఇది మన సీమ తీరు. బట్లహళ్ళి చుట్టుపట్ల పల్లెలలో పుట్టినవారికి ఈ మాట వివరించనక్కరలేదు. బ్రతుకుతెరువు కోసం ఈ నగరానికి వచ్చిన మనలో కొందరు దుకాణాల యజమానులయ్యారు. కొందరు ఆ దుకాణాలలో గుమాస్తాలుగా ఉన్నారు. మరికొందరు ఆ దుకాణాల ముందే పూలగంపలు, పండ్ల బండ్లు పెట్టుకొని సంసారాలు నడుపుతున్నారు. నేడు నేను ప్రస్తావించదలచిన విషయం ఈ ముగ్గురికీ సంబంధించినది.

అంగడివీధుల వర్తక సంఘాలు వీధులలోనే సంగీత కచ్చేరీలు, ఉత్సవాలు జరపాలని ఉత్సాహపడుతున్నాయి. పెద్ద మాల్‌లకు, చేతిలోని ఫోనుకు తరలిపోయిన కొనుగోలుదారును తిరిగి వీధికి రప్పించాలన్నది వారి ఆశ. ఆ ఆశలో దోషం లేదు. అయితే అటువంటి ఉత్సవాన్ని సంకల్పించే సమితిలో మొదట చర్చకు వచ్చేది గాయకుని పేరు, రెండవది వేదిక అలంకారం, మూడవది చందా. వీధిలో నిత్యం నిలిచే బండ్లు ఆ రోజు ఎక్కడ నిలవాలన్న ప్రశ్న చిట్టచివరికి వస్తుంది, లేదా అసలే రాదు. రానప్పుడు దానికి సమాధానం ఉత్సవం నాటి మధ్యాహ్నం లాఠీ చెబుతుంది.

ఈ పద్ధతి ఎక్కడిదో కొంచెం చూద్దాం. కెనడా దేశంలోని టొరంటో నగరంలో బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే అంగడివీధి ఉంది. భూగర్భ రైలు వచ్చాక వీధిలో నడిచేవారు తగ్గారు, కొత్త షాపింగ్ కేంద్రాలు కొనుగోలుదారులను లాక్కున్నాయి. అప్పుడు అక్కడి వర్తకులు నగరపాలక సంస్థను ఒప్పించి, 1970లో ఒక కొత్త ఏర్పాటు చేసుకున్నారు. ఆ వీధిలోని వ్యాపారులందరూ పన్నుతోపాటు కొంత అదనపు రుసుము చెల్లిస్తారు. పురపాలకం దానిని వసూలు చేసి వీధి బోర్డుకే తిరిగి ఇస్తుంది. ఆ బోర్డు దీపాలు, పూలకుండీలు, శుభ్రత, ఉత్సవాలు చూసుకుంటుంది. ప్రపంచంలో ఇటువంటి బోర్డులకు అదే మొదటిదని చెబుతారు. తరువాత అది అనేక నగరాలకు పాకింది. మంచి ఏర్పాటే. కానీ దాని మూలంలోనే ఒక కట్టుబాటు ఉంది: రుసుము చెల్లించినవానికే బోర్డులో మాట. మన వర్తక సంఘాలు అటువంటి పన్ను మీద కాక చందాల మీద నడుస్తున్నాయి, అయినా అలవాటు మాత్రం అదే. చందా పుస్తకంలో పేరు లేనివానికి సమావేశంలో కుర్చీ లేదు. రోజూ ఆ వీధికి జనాన్ని రప్పించేది నాలుగు మూరల మల్లెల కోసం, అరకిలో ద్రాక్ష కోసం ఆగే అలవాటని మాత్రం అందరికీ తెలుసు.

దూరదేశం ఉదాహరణలు అట్లుంచండి. ఈ నగరంలోనే ఇంతకన్న మేలైన నమూనా ఉంది. కార్తీకమాసం చివరి సోమవారం బసవనగుడిలో దొడ్డబసవన్న గుడి ముందు జరిగే కడలెకాయ పరిష మీలో చాలమంది చూసే ఉంటారు. చూడడమేమిటి, చింతామణి, శ్రీనివాసపురం వైపు నుండి వేరుశెనగ బస్తాలు తెచ్చి అక్కడ కుప్పలు పోసినవారి బిడ్డలు ఈ సభలోనే ఉండవచ్చు. ఆ పరిషలో అమ్మకందారుని పక్కకు తోసి ఉత్సవం జరపడం అసంభవం, ఎందుకంటే అమ్మకందారుడే ఉత్సవం. పచ్చికాయ, వేయించిన కాయ, ఉడికించిన కాయ, వాటి చుట్టూ బొమ్మలు, గాజులు, బొరుగులు. పాట వినబడితే దాని మీద అది అదనపు శోభ. అంతే తప్ప పాట కోసం కాయల కుప్ప తొలగదు. వీధి ఉత్సవానికి ప్రణాళిక వేసే ప్రతి సమితీ తొలి సమావేశానికి ముందు ఆ పరిషలో ఒక పూట నడిచి రావాలని నా అభిప్రాయం.

శ్రీరామనవమి పందిళ్ళ సంగతి మరొకటి. 1939లో మొదలైన శ్రీరామసేవా మండలి చామరాజపేటలోని కోట ఉన్నత పాఠశాల మైదానంలో సంగీతోత్సవం నడుపుతోంది. అక్కడ దేశమంతటి విద్వాంసులు పాడే కీర్తనలలో త్యాగయ్య తెలుగు కీర్తనలు ఎన్నో ఉంటాయి. శ్రీరామనవమి నాడు అంగడులవారు తమ గుమ్మాల ముందు పానకం, మజ్జిగ, కోసుంబరి పంచుతారు. మన భాష ఈ నగర వేదికల మీద పరాయిది కాదని చెప్పడానికే ఈ మాట. వేదిక మీద మన భాష ఉంది, వేదిక ముందు మనమున్నాము. వేదిక ఎక్కడ కట్టాలో నిర్ణయించే చోట మాత్రం లేము.

ఇక్కడ మన తాలూకా మహనీయుని ఒకరిని స్మరించకుండా ముందుకు సాగలేను. చింతామణి తాలూకా కైవారంలో వెలసిన యోగి నారేయణ యతీంద్రులు, మనం ఆప్యాయంగా పిలిచే కైవార తాతయ్య, తెలుగులోను కన్నడంలోను తత్త్వాలు, కీర్తనలు చెప్పిన కవి. ఆయన పూర్వాశ్రమంలో చేసిన వృత్తి ఏమిటి? గాజుల మలారం భుజాన వేసుకొని ఊరూరా తిరిగి అమ్మడం. అంటే నేటి చట్టం భాషలో ఆయన ఒక వీధి విక్రేత. గురుపూర్ణిమకు కైవారంలో మూడు దినాలు రేయింబవళ్ళు ఎడతెగక సాగే సంగీతోత్సవంలో పెద్ద విద్వాంసులు, పల్లె భజన బృందాలు ఒకే వేదిక మీద పాడుతారు. గాజులమ్మినవాని పేర సంగీతోత్సవం జరుపుకొనే సీమ నుండి వచ్చిన మనకు, కచ్చేరి పేరుతో గాజుల బండిని తరిమివేయడం చూస్తే మనసు చివుక్కుమనడం సహజం.

నేను కన్నులారా చూసిన ఒక సంగతి చెబుతాను. వీధి పేరు, సంఘం పేరు చెప్పడం నా ఉద్దేశం కాదు. సాయంత్రం ఆరు గంటలకు కచ్చేరి. మధ్యాహ్నం రెండు గంటలకే బండ్లన్నీ తీయించారు. పూలమ్మే ఒక ఆమె తెల్లవారుజామున కృష్ణరాజేంద్ర మార్కెట్టులో అప్పు మీద కొన్న మల్లెలు, కనకాంబరాలు గంపలో అట్లే ఉన్నాయి. పండ్లయితే మరునాటికి నిలుస్తాయి. మాలకట్టిన మల్లె నిలవదు. ఆమె పక్క సందులో గంప దించుకొని రాత్రి దాకా కూర్చున్నది. సందులోకి ఎవరు వస్తారు? కచ్చేరికి వచ్చిన స్త్రీలు మాత్రం పూలు ఎక్కడ దొరుకుతాయని దుకాణాలవారిని అడుగుతున్నారు. ఇందులో క్రూరత్వం కన్న తెలివితక్కువతనమే ఎక్కువ. ఆమెకు పది అడుగుల చోటు ముందుగానే గుర్తించి ఇచ్చి ఉంటే, ఆ రాత్రి గంప ఖాళీ అయ్యేది, కచ్చేరికి శోభా వచ్చేది.

చట్టం ఈ విషయంలో మన పక్షాననే ఉంది. వీధి విక్రేతల చట్టం 2014లో వచ్చింది. దాని ప్రకారం పట్టణ విక్రయ సమితిలో కనీసం 40 శాతం సభ్యులు వీధి విక్రేతలే కావాలి, వారు తమలో నుండి ఎన్నికై రావాలి, వారిలో మూడవ వంతు స్త్రీలుండాలి. వర్తక సంఘాలకు, మార్కెట్టు సంఘాలకు కూడ అదే సమితిలో చోటుంది. అంటే దుకాణదారుడు, బండివాడు ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలని శాసనమే కోరింది. విక్రయ ధ్రువపత్రం ఉన్నవానిని ఆ చోటి నుండి తొలగించాలంటే స్థానిక సంస్థ 30 దినాల ముందు నోటీసు ఇవ్వాలి. ఒక పూట కచ్చేరికి ఈ నిబంధన వర్తిస్తుందా అని వాదించేవారుంటారు. వాదం అక్కరలేదు. నెల ముందే తేదీ నిర్ణయించే సమితికి నెల ముందే బండివానితో మాట్లాడడానికి అడ్డేమిటి? మనవారిలో ధ్రువపత్రం, గుర్తింపు కార్డు లేనివారు ఇంకా ఉన్నారు. అది ముందు తీసుకోవాలి. కాగితం లేని చేతికి చట్టం అందదు.

తేదీ విషయం కూడ దుకాణదారుని లెక్కతోనే తేలరాదు. వరలక్ష్మీవ్రతం ముందునాడు, ఆయుధపూజ ముందునాడు పూలవారికి, బూడిదగుమ్మడికాయలవారికి సంవత్సరమంతటిలో పెద్ద బేరం. ఆ దినాలలో వీధి మూసి వేదిక కడితే ఏ పాటా వారి నష్టాన్ని తీర్చలేదు. గుడ్డల దుకాణానికి సాయంత్రం అదను, పూలకు తెల్లవారుజాము, టిఫిన్ బండికి ఉదయం ఎనిమిది. ఎవరి వేళ ఏదో అడిగి తెలుసుకుంటే, బేరం మందగించే వేళకే పాట మొదలుపెట్టవచ్చు. మన ప్రాంతపు భజన బృందాలు, చెక్కభజన, కోలాటం అటువంటి వేళకు చక్కగా సరిపోతాయి. వాటికి పెద్ద ధ్వనివర్ధకాలు కూడ అక్కరలేదు.

ధ్వని మాట వచ్చింది గనుక అదీ చెబుతాను. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు బయట ధ్వనివర్ధకాలు వాడరాదు. సాంస్కృతిక, మత సంబంధమైన ఉత్సవాలకు రాష్ట్ర ప్రభుత్వం సంవత్సరానికి 15 దినాలకు మించకుండా అర్ధరాత్రి 12 వరకు సడలింపు ఇవ్వవచ్చు. వ్యాపార ప్రాంతానికి పగటి పరిమితి 65 డెసిబెళ్ళు, నివాస ప్రాంతానికి 55. ఆసుపత్రి, బడి, న్యాయస్థానం చుట్టూ కనీసం 100 మీటర్ల ప్రాంతాన్ని ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. పాతపేటలలో చిక్కు ఏమిటంటే, క్రింద దుకాణం, మీద కాపురం. మేడ మీది గదిలో బాలింత ఉండవచ్చు, పరీక్షకు చదివే పిల్లవాడు ఉండవచ్చు. వీధి వ్యాపారవీధి అనిపించుకున్నంత మాత్రాన అక్కడ నిదురించేవారు లేరని కాదు. కాబట్టి ఆ కాపురాలవారి ప్రతినిధి ఒకరు కూడ సమితిలో ఉండడం న్యాయం.

జనసమ్మర్దం విషయంలో మాత్రం ఉపేక్ష తగదు. 2025 జూన్ 4న ఈ నగరంలోనే చిన్నస్వామి క్రీడామైదానం వెలుపల తొక్కిసలాటలో 11 మంది ప్రాణాలు కోల్పోయారు. అది క్రీడోత్సవం, ఇది వీధి కచ్చేరి, పోలిక లేదని అనుకోవద్దు. ఇరుకు పేటలో వెయ్యిమంది చేరినా ప్రమాదమే. ఏ సందు ఎక్కడికి తేలుతుంది, ఏది మధ్యలో గోడతో ముగుస్తుంది, ఏ మలుపులో మోరీ మూత విరిగి ఉంది అన్న సంగతులు ఇరవై ఏండ్లుగా అక్కడ బండి తోసేవానికి తెలిసినట్లు పటం గీసే ఇంజనీరుకు తెలియవు. సమితిలో అతనికి కుర్చీ వేయమనడం దయ చూపమని కాదు. అతని ఎరుక అవసరం గనుక. అట్లే ప్రమాదం వేళ చేసే ప్రకటనలు కన్నడంతోపాటు తెలుగు, తమిళం, ఉర్దూలలో కూడ ఉండాలి. పాట ఏ భాషలో ఉన్నా ఆనందించవచ్చు. ‘ఎడమ దారిన బయటికి నడవండి’ అన్న మాట మాత్రం వెంటనే అర్థం కావాలి.

మంచి ప్రయత్నాలు లేకపోలేదు. హైదరాబాదులో 2021 అక్టోబరు 17 నుండి ఆదివారం సాయంత్రాలు చార్మినారు వద్ద వాహనాలను ఆపి సంగీతం, ముషాయిరాలు ఏర్పాటు చేసినప్పుడు, లాడ్ బజారు గాజుల దుకాణాలను రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంచనిచ్చారు. అంగడినే ఆకర్షణగా చేసుకున్న ఆలోచన అది. మన నగరంలో 2020 నవంబరులో చర్చి వీధిని వారాంతాలలో పాదచారులకే విడిచిపెట్టారు. వాహనాలు లేని వీధిలో జనం ఎంత హాయిగా మసలుతారో అప్పుడు తెలిసింది. అయితే చర్చి వీధి వేరు, పాతపేట వేరు. అక్కడ నడవడానికి వస్తారు, ఇక్కడ సరుకు మోయడానికి వస్తారు. హమాలీ బండి లోపలికి రాకపోతే టోకు వ్యాపారం ఆ పూటకు నిలిచిపోతుంది.

ఇక మనం చేయవలసినది. ఈ సభలో ఉన్న దుకాణదారులకు నా మనవి ఒకటే: మీ సంఘం ఉత్సవ సమితి వేసేటప్పుడు ఆ వీధి విక్రేతలలో నుండి ఇద్దరిని, అందులో ఒకరు స్త్రీ అయ్యేట్లు, మొదటి సమావేశానికే పిలవండి. చందా అడగకండి. వీధి పటం పరచి, ముందు బండ్ల చోట్లు, తరువాత అగ్నిమాపక వాహనం, అంబులెన్సు వచ్చే దారి, ఆ తరువాత మరుగుదొడ్లు, తాగునీరు గుర్తించండి. మిగిలిన చోట వేదిక కట్టండి. వేదిక చిన్నదైతే కానివ్వండి. బయటి నుండి వచ్చే కంపెనీల స్టాళ్ళకు అద్దె తీసుకోండి. నిత్యం అక్కడే ఉండేవారి నుండి ఆ రోజుకు ప్రత్యేకంగా ఏమీ వసూలు చేయకండి. బండ్లవారికి చెప్పేది వేరు: పిలుపు కోసం ఎదురుచూడకండి. వార్డు సమావేశం తేదీ తెలుసుకొని, నలుగురు కలిసి, వ్రాతపూర్వకమైన అర్జీతో వెళ్ళండి. అర్జీ కన్నడంలో వ్రాయించండి, అది అధికారులకు వెంటనే చదవడానికి వీలవుతుంది. మాట్లాడేటప్పుడు మీకు వచ్చిన భాషలో మాట్లాడండి. వ్రాయడానికి సాయం కావలసినవారికి మన పిల్లలలో కన్నడ మాధ్యమంలో చదువుకున్నవారు ముగ్గురు ఈ సభ ముగిశాక వెనుక వరుసలో కూర్చొని ఉంటారు. గుర్తింపు కార్డు తెచ్చుకున్నవారు దాని నకలు కూడ వారికివ్వండి.