డౌన్ సిండ్రోము గల బిడ్డలు – ఊపిరితిత్తుల వ్యాధులు

(మన సంఘసభ్యుల సమావేశమున ఒక వైద్యుడు చేసిన ప్రసంగపాఠము)



ఈ సాయంకాలము నేను ముచ్చటింపబోవు విషయము సభలలో తఱచుగా వినవచ్చునది కాదు. మన కుటుంబములలో అక్కడక్కడ కొందఱు బిడ్డలు కలరు. వారి కన్నుల కొనలు కొంచెము పైకి వాలియుండును, ముక్కుదూలము అణగియుండును, ఒడలు పట్టులేక మెత్తగా నుండును, నడకయు మాటయు ఆలస్యముగా వచ్చును. మనవారు వారిని “అమాయకుడు”, “దేవుని బిడ్డ” యని ముద్దుగా పిలుతురు. వైద్యులు దీనిని డౌన్ సిండ్రోము అందురు. 1866 లో జాన్ లాంగ్డన్ డౌన్ అను ఇంగ్లండు వైద్యుడు ఈ లక్షణములను వర్ణించెను. కారణము మాత్రము 1959 వఱకు తెలియలేదు. ఆ సంవత్సరము పారిస్ నగరమున లెజూన్, గోతియే, టుర్పాన్ అను ముగ్గురు, ఈ బిడ్డల కణములలో 21వ క్రోమోసోము రెండుకు మాఱుగా మూడున్నవని ప్రకటించిరి.

ఇచట ఒక మాట చెప్పక తప్పదు. ఇట్టి బిడ్డ పుట్టినపుడు మనలో మొదట వినబడునది “మేనరికము చేసికొనిరి గదా” యను నింద. మేనరికమునకు వేఱు దోషములుండవచ్చును గాని, ఈ మూడవ క్రోమోసోము సాధారణముగా బీజకణము విభజన చెందునపుడు కలుగు పొరపాటు వలన వచ్చునది. తల్లి వయస్సు ముప్పదియైదు దాటిన కొలది దీనికి అవకాశము హెచ్చును. అయినను చిన్నవయస్సు తల్లులకును ఇట్టి బిడ్డలు పుట్టుచున్నారు. కోడలిని ఆడిపోసికొనుట మాని, ఆ శ్రద్ధను బిడ్డ ఊపిరిపై నుంచినచో మేలు.

ఊపిరి యని యేల యంటినో చెప్పెదను. ఈ బిడ్డలు ఆసుపత్రి పాలగుటకు ప్రధానకారణము శ్వాసకోశ వ్యాధులే. ఇతర బిడ్డకు మూడు దినములలో పోవు రొంప వీరికి న్యుమోనియాగా మాఱవచ్చును. ఇంటివారేమో “వీడికి ఎప్పుడును ఈ గురగుర ఉండునదే” యని రెండు దినములు వేచియుందురు. ఇట్టి మాటను ఒక తల్లి వైద్యుని నోటనే వినెనట: “ఇటువంటి పిల్లలకు ఇంతేనమ్మా.” ఆ వైద్యుడెవరో నాకు తెలియదు. తెలిసినను ఇచట చెప్పను. కాని ఆ మాట తప్పు. గురగుర యెందుకు వచ్చుచున్నదో వెదుకదగిన కారణములు కలవు, వానిలో పెక్కింటికి చికిత్సయు కలదు.

ఈ బిడ్డల ముక్కు, గొంతు, శ్వాసనాళము ఇఱుకుగా నుండును. కండరములకు పట్టు చాలదు గనుక కఫమును దగ్గి వెడలగొట్టలేరు. మ్రింగుట సరిగా కుదురక పాలు కొంచెము కొంచెముగా ఊపిరితిత్తులలోనికి జాఱును. రోగముతో పోరాడు తెల్లకణములలో కొన్ని తెగలు వీరికి తక్కువ. మఱియొక చిత్రమేమనగా, ఇంటర్ఫెరాన్ అను హెచ్చరిక పదార్థమును అందుకొను జన్యువులు కొన్ని ఆ 21వ క్రోమోసోము మీదనే యున్నవి. అది మూడుండుటచే హెచ్చరిక అతిగా మ్రోగును. కావలివారు తక్కువ, కేకలు మెండు; ఆ కేకల వలననే ఊపిరితిత్తులు మఱింత వాచును. 2020 లో ఇంగ్లండున ఎనుబది లక్షలకు పైగా పెద్దల వైద్యవివరములను పరిశీలింపగా, డౌన్ సిండ్రోము గలవారు కోవిడు వలన ఆసుపత్రిలో చేరుట ఇతరుల కంటె సుమారు 4 రెట్లు, మరణించుట సుమారు 10 రెట్లు హెచ్చుగా నున్నట్లు తేలినది.

అన్నిటికంటె ముఖ్యమైనది గుండె. వీరిలో దాదాపు సగము మందికి పుట్టుకతోనే గుండెలో లోపముండును. గుండెలో రంధ్రమున్నచో ఊపిరితిత్తులకు రక్తము మితిమీరి పాఱి, అవి ఎప్పుడును చెమ్మగిలి యుండును. ఆ చెమ్మలో క్రిములు సుఖముగా పెరుగును. కావున ఇట్టి బిడ్డ పుట్టిన మొదటి నెలలోనే ఎకో పరీక్ష చేయింపవలెను, శబ్దము వినబడలేదని ఊరకుండరాదు. శస్త్రచికిత్స కావలసిన వారిలో పెక్కుమందికి మొదటి ఆఱు నెలలలో చేయుట మంచిది. ఆలస్యమైనచో ఊపిరితిత్తుల రక్తనాళములు గట్టిపడి, తరువాత చేయవలెనన్నను వీలుపడని స్థితి రావచ్చును. డబ్బునకు భయపడవలదు. 2013 లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున డౌన్ సిండ్రోము, పుట్టుగుండెజబ్బు రెండును చేరియున్నవి. నయా రాయపూర్ లోని శ్రీ సత్యసాయి సంజీవని ఆసుపత్రిలో పిల్లల గుండెకు ఉచితముగా శస్త్రచికిత్స చేయుదురు.

ఇక మన యింటి అలవాట్లు. స్నానము చేయించి బిడ్డను సాంబ్రాణి పొగలో నుంచుట, ముక్కులో ఆముదపు చుక్కలు వేయుట, పండుకొనబెట్టి ఉగ్గుగిన్నెతో పాలు పోయుట – ఇవి అమ్మమ్మలు ప్రేమతో చేయుపనులు. నేనును ఆ ఉగ్గుగిన్నె పాలతోనే పెరిగినవాడను. కాని పట్టులేని గొంతు గల ఈ బిడ్డల విషయమున ఆ నూనెయు ఆ పాలును తిన్నగా ఊపిరితిత్తులకు పోవును. నూనె వలన వచ్చు న్యుమోనియా మొండిది. బిడ్డను ఒడిలో తల యెత్తి కూర్చుండబెట్టి, కొద్దికొద్దిగా, ఆగి ఆగి పట్టవలెను. పొగను గూర్చి చంద్రపురవాసులకు నేను చెప్పనేల? గనులు, సిమెంటు కార్మాగారములు, విద్యుత్కేంద్రము నడుమ నున్న ఈ ఊరిని 2009 లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మిక్కిలి కలుషితమైన పారిశ్రామిక ప్రాంతములలో చేర్చెను. వెలుపలి గాలిని మనమొక్కరము మార్చలేము. లోపలి బొగ్గు కుంపటిని, బీడీని, సాంబ్రాణిని బిడ్డ యున్న గదినుండి తొలగింపగలము.

ప్రమాదమును గుర్తించుటకు పెద్ద చదువు అక్కఱలేదు. 1982 వఱకు మన జిల్లాలోనిదేయైన గడ్చిరోలిలో డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ దంపతులు దీనిని నిరూపించిరి. పల్లెలలోని సామాన్యులకు, మంత్రసానులకు న్యుమోనియాను గుర్తించి మందిచ్చుట నేర్పిరి. లెక్కలు రానివారికై ఇసుక గడియారము, పూసలు గల చిన్న పరికరమును గూడ కల్పించిరి. మందిచ్చిన పల్లెలలో న్యుమోనియా మరణములు పోలికకు తీసికొన్న పల్లెల కంటె సుమారు సగమే యని 1990 లో లాన్సెట్ పత్రికలో ప్రకటింపబడినది.

ఆ లెక్క మీరును నేర్వుడు. బిడ్డ ఏడ్వక నెమ్మదిగా నున్నపుడు, ఒక నిండు నిమిషము పొట్ట లేచి పడుటను లెక్కింపుడు. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, అయిదేండ్ల లోపు 40 – ఈ సంఖ్యలకు చేరినను మించినను అది వేగపు శ్వాస. ఆ దినమే వైద్యుని చూడవలెను. డొక్కలెగురుచున్నను, పెదవులు నీలి తిరిగినను, పాలు త్రాగకున్నను, మత్తుగా పడియున్నను రాత్రియైనను కదలవలెను. జ్వరము లేదు గదా యని ధైర్యపడరాదు. ఈ బిడ్డలకు జబ్బు ముదిరినను జ్వరము అంతగా కనబడకపోవచ్చును, నొప్పిని చెప్పుకొనుటయు తక్కువ. కోవిడు కాలమున కొన్న వ్రేలి ఆక్సిజన్ మీటరు ఇంటనున్నచో, బిడ్డ ఆరోగ్యముగా నున్ననాటి అంకెను వ్రాసి యుంచుకొనుడు. గుండెజబ్బు గలవారిలో ఆ అంకె వేఱుగా నుండును.

టీకాలు ఒక్కటియు తప్పింపవలదు. ఈ బిడ్డల దేహము టీకాకు కొంచెము తక్కువగా స్పందించును గనుకనే, మోతాదులన్నియు పూర్తి కావలెను. న్యుమోకోకల్ టీకా 2021 నుండి దేశమంతట ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. ఇన్ఫ్లుయెంజా టీకా ఏటేట వేయించవలసినది. అది ప్రభుత్వపు పట్టికలో లేదు, వైద్యుని అడిగి వానలకు ముందే వేయింపుడు. రాత్రి గట్టిగా గురక పెట్టుట హాయియైన నిద్రకు గుర్తు కాదు. ఊపిరి ఆగి ఆగి వచ్చుచున్నదేమో చూపింపవలెను.

పెద్దవారిని మఱవరాదు. 1940ల ప్రాంతమున వీరి సగటు ఆయువు పండ్రెండేండ్లనిరి; నేడు సంపన్నదేశములలో అఱువది. మనలోను తల్లిదండ్రుల కంటె ఎక్కువ కాలము బ్రదుకువారుందురు. నలువది దాటినపిదప వీరిలో పలువురికి మతిమఱుపు వ్యాధి వచ్చును, దానితో మ్రింగుట చెడును. అన్నము తినుచు దగ్గుచున్నచో, దానిని తొందరపాటని గద్దింపక వైద్యునకు చూపుడు. అన్నమును మెత్తగా కలిపి, కూర్చుండబెట్టి పెట్టుడు. పండ్లను దినమునకు రెండు మాఱులు తోముడు, నోటి మురికియే లోనికి జాఱి న్యుమోనియా తెచ్చును.

ఆసుపత్రికి పోవునపుడు ఒక కాగితమును మరాఠీలో వ్రాసి జేబులో నుంచుకొనుడు: గుండె సంగతి, థైరాయిడు మాత్రలు, వేసిన టీకాలు, మామూలుగా నుండు శ్వాసల సంఖ్య, నేటి సంఖ్య. ఆయాసమనినను ధాప్ అనినను వైద్యుడు తన తలపు కొలది గ్రహించును. 58 అన్నచో 58 అనియే గ్రహించును. బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చినవారు సభ ముగిసిన పిదప కొంచెము ఆగుడు. శ్వాసను లెక్కించు విధము చేసి చూపెదను.