కొలను వేరు, కృష్ణమ్మ వేరు

ఎర్రవల్లి మండలం బీచుపల్లిలో ఘాట్ మెట్ల మీద నిలబడి చూస్తే కృష్ణమ్మ నిదానంగా కనిపిస్తుంది. నీటి లాగుడు ఎంతో దిగినవాడికే తెలుస్తుంది.

ఈతకొలనులో మన వేగం కొంత గోడలది. ప్రతి మలుపులో గోడను తన్ని బాణంలా ముందుకు జారతాం. అడుగున నల్లగీత దారి చూపుతుంది. వరుసల మధ్య తాళ్లు అలల్ని అణుస్తాయి. నదిలో గోడ లేదు, గీత లేదు. ఆంజనేయస్వామి గుడినో, ఒడ్డున చెట్టునో గుర్తు పెట్టుకోవాలి. చూడ్డానికి తల ఎత్తిన ప్రతిసారీ కాళ్లు కిందికి దిగుతాయి, వేగం తగ్గుతుంది. వాలుకు ఈదితే మాత్రం వేగం పెరుగుతుంది. కానీ ఆ గొప్ప నదిది, మనది కాదు.

మరి వెట్‌సూట్ అనే రబ్బరు ఈతదుస్తులు వేసుకుంటే? చిన్నప్పుడు నడుముకు సొరబుర్ర కట్టుకొని బావిలో ఈత నేర్చారా? ఇంచుమించు అదే సూత్రం. ఆ రబ్బరు బట్టలో సన్నని గాలి బుడగలుంటాయి. ఒళ్లు తేలుతుంది, కాళ్లు పైకి లేస్తాయి, నీటి అడ్డు తగ్గుతుంది. కాళ్లు మునిగిపోయేవాళ్లకే లాభం ఎక్కువ. అయితే అది చలినీళ్ల కోసం పుట్టిన బట్ట. మన ఎండల్లో వేసుకుంటే ఉడికిపోవడమే.

కొలను వేగానికీ బయటి నీళ్ల వేగానికీ తేడా ఒక ఉదాహరణతో చూద్దాం. హైదరాబాదుకు చెందిన గోలి శ్యామల 2021లో, 48 ఏళ్ల వయసులో, పాక్ జలసంధిని ఈదారు. సుమారు 30 కిలోమీటర్లు, దాదాపు 14 గంటలు. కొలనులో అది మామూలు వేగమే. సముద్రంలో అన్ని గంటలు దాన్ని నిలపడమే ఘనత.

ఒక్క మాట. ఎగువన ఉన్న జూరాల ప్రాజెక్టు గేట్లు ఎత్తారో లేదో కనుక్కోకుండా బీచుపల్లి దగ్గర నీళ్లలో దిగకండి.