ముఖ్తార్ మ్యూజియంలో ఒక పూట
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



ఉమ్రా ముగించుకొని వస్తూ నేను, మా ఆవిడ మూడు రోజులు కైరోలో ఆగాం. పిరమిడ్ల సంగతి మీకు తెలిసిందే. నేను చెప్పబోయేది గెజీరాలో ఉన్న మహమూద్ ముఖ్తార్ మ్యూజియం గురించి. ఆయన శిల్పి. మా ఆవిడ గుమ్మంలోనే ఆగి, "నిన్నగాక మొన్న కాబాను చూసిన కళ్ళతో ఈ బుత్‌లు చూడమంటారా?" అన్నది. న్యాయమైన ప్రశ్నే. చివరికి బయటి ఎండే ఆమెను లోపలికి పంపింది.

ముఖ్తార్ 1891లో నైలు డెల్టాలోని ఒక పల్లెలో పుట్టాడు. చిన్నతనంలో కాలువ గట్టున మట్టితో బొమ్మలు చేసేవాడట. 1908లో కైరోలో లలితకళల పాఠశాల తెరిస్తే మొదటి జట్టులోనే చేరాడు. తర్వాత పారిస్ వెళ్ళి చదివాడు. అంతకు కొన్నేళ్ళ ముందే ఈజిప్టు ముఫ్తీ షేఖ్ ముహమ్మద్ అబ్దుహు, పూజకు దారితీయని బొమ్మలను నిషిద్ధమనలేమని రాశారు. ఉలమా అందరూ ఒప్పుకోలేదు, ఈనాటికీ ఒప్పుకోరు. ఆ వాదం తేల్చడం నా తాహతు కాదు.

ఆయన పెద్ద శిల్పం 'నహ్దత్ మిస్ర్'. ఒక రైతు స్త్రీ స్ఫింక్స్ తలపై చెయ్యి వేసి, రెండో చేత్తో ముసుగు తొలగిస్తుంటుంది. జనం చందాలు వేసుకున్నారు. 1928లో రైల్వే స్టేషను ముందు నిలబెట్టారు, 1955లో యూనివర్సిటీ ఎదుటికి మార్చారు. ముఖ్తార్ 1934లోనే పోయాడు. మ్యూజియం 1962లో తెరిచారు. కట్టడం రూపకర్త రంసీస్ వీసా వాసెఫ్ అనే క్రైస్తవుడు.

లోపల దేవుళ్ళూ దేవతలూ ఉంటారనుకున్న మా ఆవిడకు ఎక్కువగా కనిపించింది నీళ్ళకు వెళ్ళే పల్లె ఆడవాళ్ళు. 'ఖంసీన్' దగ్గర ఆమె కదల్లేదు. ఖంసీన్ అంటే అక్కడి ఇసుక గాలి. ఒక స్త్రీ ఎదురుగాలికి వంగి నడుస్తోంది, పైబట్ట వెనక్కి ఎగురుతోంది. అంతా రాయే.

నాకు అక్కడ ఒక పాత తప్పు గుర్తొచ్చింది. పన్నెండేళ్ళ క్రితం నా క్లాసులో ఒక పిల్లవాడు బంకమట్టితో గుర్రం చేసి తెచ్చాడు. అందరి ముందూ వాడి చేతనే విరగ్గొట్టించాను. వాడు ఏడవలేదు. ముక్కలు జేబులో వేసుకున్నాడు.

ఇప్పుడు వాడు తాపీపని చేస్తున్నాడు. తిరిగొచ్చాక వాళ్ళింటికి వెళ్ళి, క్షమించమని అడిగి, ఖంసీన్ ఫోటో చేతిలో పెట్టాను. గుర్రం మాట వాడు ఎత్తలేదు. ఫోటో అటూ ఇటూ తిప్పి చూసి, "గాలి ఎటునుంచి కొడుతోందో తెలుస్తోంది సార్" అన్నాడు.