ఇంటి అంతర్జాలం మందగిస్తే



ఇంటి పన్ను, జనన ధ్రువపత్రం, పిల్లల పరీక్ష దరఖాస్తు ఇప్పుడు ఇంటి నుంచే సాగుతున్నాయి. గడువు ముగిసే రాత్రి అంతర్జాలం మందగిస్తే నష్టపోయేది మనమే. కనుక లోపమెక్కడుందో ముందుగానే తెలుసుకుందాం.

కంప్యూటర్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి వేగం కొలవండి. మీ ప్లాన్‌లోని వేగంతో పోల్చండి. అది సరిపోలితే లోపం వైఫైది. రౌటర్‌ను ఇనుప బీరువా పక్క నుంచి తీసి, ఇంటి నడుమ ఎత్తైన చోట ఉంచండి. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగవంతమైనదే గాని, గోడలు అడ్డమైతే త్వరగా బలహీనపడుతుంది. దూరపు గదికి 2.4 మేలు.

కేబుల్‌పైనా వేగం తగ్గితే రౌటర్‌ను ఒకసారి ఆపి వేయండి. అప్పటికీ మారకుంటే సంస్థకు ఫిర్యాదు చేసి డాకెట్ సంఖ్య అడిగి రాసుకోండి. పరిష్కారం దొరకనప్పుడు ఆ సంస్థ అప్పీలు విభాగాన్ని ఆశ్రయించడానికి ఆ సంఖ్యే మీకు ఆధారం.