టికెట్టు ఆమెకే ఎందుకిచ్చారు?

(దళిత మహిళల సమావేశంలో మా సంఘం తరపున చేసిన ప్రసంగ పాఠం)



ఊళ్లల్లో సెగ, సవాయి అంటారు. చదువుకున్నోళ్లు సుఖవ్యాధులన్నారు. సుఖం ఎవరిది, వ్యాధి ఎవరిది అని మనల్ని ఎవడూ అడగలేదు.

ఇంగ్లీషోడి సైన్యంలో గోరా సిపాయిలకు ఈ రోగాలు ముదిరాయి. దానికి వాడు 1864లో లండన్ పార్లమెంటులో అంటురోగాల చట్టం చేశాడు. 1868లో అదే మన నెత్తిన పెట్టాడు. ఒళ్లమ్ముకుని బతికే ఆడది పోలీసుల దగ్గర పేరు రాయించుకోవాలి, టికెట్టు దగ్గరుంచుకోవాలి, పిలిచినప్పుడల్లా పరీక్షకు పోవాలి. రోగముందంటే 'లాక్ హాస్పిటల్'లో వేసేవాళ్లు. నయమైందని డాక్టరు అనేదాకా బయటికి రానియ్యరు. పోనంటే జుర్మానా, జైలు. సికింద్రాబాద్ కంటోన్మెంటులోనూ అలాంటి ఆసుపత్రి ఉండేది.

మరి సిపాయికో? బట్టలిప్పి చూడటం వాడికి నామర్దా అట! ఇంగ్లండులో ఆ పరీక్షను 1859లోనే ఆపేశారు. ఇద్దరి మధ్య తిరిగే రోగానికి ఒక్కరిని బంధిస్తే ఎట్లా పోతుంది? పైగా సెగ క్రిమిని కనుక్కున్నది 1879లో, సవాయి క్రిమిని 1905లో. అంతవరకు డాక్టరు కంటికి కనిపించిందే రోగం, పాదరసమే మందు.

జోసెఫిన్ బట్లర్ అనే ఆమె, ఆమెతో వేలమంది ఆడవాళ్లు పోరాడితే అక్కడి చట్టం 1886లో, ఇక్కడిది 1888లో పోయాయి. పోయాయనే పేరు. 1892లో కేట్ బుష్నెల్, ఎలిజబెత్ ఆండ్రూ అనే ఇద్దరు అమెరికా స్త్రీలు మన దేశంలో కంటోన్మెంట్లు తిరిగి చూస్తే పరీక్షలు సాగుతూనే ఉన్నాయి.

తెల్లోడు పోయాక బుద్ధి మారిందా? 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా రక్తదానం చేసిన పాపానికి హెచ్‌ఐవి ఉందని పోలీసులు పట్టుకుపోయి రెండు నెలలు ఒంటరిగా ఉంచారు. అప్పటి గోవా చట్టం అందుకు వీలిచ్చింది. మన జోగినుల సంగతి చెప్పనే అక్కర్లేదు. మాల మాదిగ పిల్లను దేవుడి పేరన ఊరి సొమ్ము చేసినోళ్లే, జబ్బు వస్తే ఆమె వల్లనే అన్నారు. జోగినిగా వదలడం నేరమని 1988లో చట్టమొచ్చింది.

2017 హెచ్‌ఐవి చట్టం 2018 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మనకు చెప్పి, మనం ఒప్పుకున్నాకే పరీక్ష చెయ్యాలి. ఫలితం బయట పెట్టకూడదు. ఆ రోగముందని పనిలోంచి తీసెయ్యకూడదు. వాడలోకి క్యాంపు వస్తే ఈ మాట ముందే అడగండి. అనుమానముంటే దాచుకోకుండా సర్కారు దవాఖానకు పోండి. సెగకూ సవాయికీ ఇప్పుడు నయమయ్యే మందులున్నాయి. మొగుణ్ణి కూడా వెంటబెట్టుకుపోండి. ఒక్కరే మందు వాడితే జబ్బు మళ్లీ తిరిగొస్తుంది.