దూరం పరుగెత్తే గుర్రానికి తండ్రిని వెతకడం

(మన పాఠశాల స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి, పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచేటప్పుడు మన సంఘం కార్యదర్శి ఒక షరతు పెట్టాడు. "గుర్రాల డాక్టరువి కదా, గుర్రాల మీదనే మాట్లాడు. కానీ ఏది గెలుస్తుందో మాత్రం చెప్పకు" అన్నాడు. తెలిస్తే కదా చెప్పడానికి! పందెం కాసేవాడికి ఈ సాయంత్రం సంగతి కావాలి. నేను పనిచేసిన స్టడ్ ఫారాల్లో, అంటే గుర్రాలను పుట్టించి పెంచే చోట, ఐదేళ్ల తర్వాతి సంగతి కావాలి. ఏ ఆడ గుర్రానికి ఏ మగ గుర్రాన్ని జత చేయాలన్నదే అక్కడ అసలు ప్రశ్న. జతకు ఉంచే మగ గుర్రాన్ని స్టాలియన్ అంటారు. మన ఊళ్లో ఆబోతు ఎట్లనో అట్లనే.

పాలమూరు వాళ్లకు గుర్రాలతో ఏం పని అనుకోకండి. మన జిల్లా పేరుకు, గుర్రప్పందేలకు చుట్టరికం ఉంది. హైదరాబాదులో పందేలు 1868లో మౌలాలీ దగ్గర మొదలయ్యాయి. 1886లో వాటిని మలక్‌పేటకు మార్పించింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. పాలమూరు 1890లో మహబూబ్‌నగర్ అయింది ఆయన పేరు మీదనే. దేవరకొండ, కల్వకుర్తి బస్సుల్లో పట్నం పోతూ మలక్‌పేట రేస్‌కోర్సు గోడ చూడనివారు ఈ సభలో ఎవరూ ఉండరనుకుంటా.

పందేలన్నీ ఒకటి కాదు. వెయ్యి, పన్నెండు వందల మీటర్ల పందెం నిమిషం పైచిలుకులో అయిపోతుంది. మలక్‌పేటలో జరిగే దక్కన్ డర్బీ 2,000 మీటర్లు. ముంబై మహాలక్ష్మిలో ఇండియన్ డర్బీ 2,400. పుణెలో ఇండియన్ సెయింట్ లెజర్ 2,800. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ కప్ 3,200, ఇంగ్లండులో ఆస్కాట్ గోల్డ్ కప్ దాదాపు 4,000. ఇట్లాంటి దూరం పోయి కూడా చివరి నాలుగు వందల మీటర్లకు దమ్ము మిగుల్చుకునే గుర్రాన్ని స్టేయర్ అంటారు.

ఆ దమ్ము ఎక్కడి నుంచి వస్తుందో డాక్టరుగా కొంచెం చెప్పాలి. నిలబడి ఉన్నప్పుడు గుర్రం గుండె నిమిషానికి 30, 40 సార్లు కొట్టుకుంటుంది. పూర్తి వేగంలో అదే గుండె 220 దాటుతుంది. ప్లీహంలో దాచిపెట్టిన ఎర్ర రక్తకణాలు పరుగు మొదలవగానే నెత్తుట్లోకి వచ్చిపడతాయి. మనకు ఆ వసతి అంతగా లేదు. ఇంకో చిత్రం, పూర్తి పరుగులో ఉన్న గుర్రం ఒక్క అంగకు ఒక్క ఊపిరే తీసుకుంటుంది. కాబట్టి తేలిగ్గా, పొడుగ్గా అంగ వేసే గుర్రానికి ఊపిరి కూడా తీరిగ్గా అందుతుంది. మెల్‌బోర్న్ కప్ గెలిచిన ఫార్ ల్యాప్ అనే గుర్రం గుండెను ఆస్ట్రేలియా జాతీయ మ్యూజియంలో భద్రపరిచారు. దాని బరువు 6.2 కిలోలు. మామూలు గుర్రం గుండె నాలుగు కిలోల అటూ ఇటూ.

దీనికి తోడు స్వభావం. మొదటి ఫర్లాంగులోనే కళ్లెం గుంజుకుని ఉరికే గుర్రానికి ఎంత గుండె ఉన్నా దూరం దక్కదు. వెనక ఓపికగా పోవడం దానికి ఒంట్లో ఉండాలి. నేర్పితే కొంత వస్తుంది, మిగతాది పుట్టుకతోనే రావాలి.

మరి తండ్రిని ఎట్లా ఎంచాలి? 'అది ఎంత దూరం గెలిచిందో చూస్తే సరిపోదా?' అనిపిస్తుంది. చాలామంది యజమానులు అట్లనే చూస్తారు. నార్తర్న్ డ్యాన్సర్ అని కెనడాలో పుట్టిన పొట్టి గుర్రం ఉండేది. 1964లో కెంటకీ డర్బీ, 2,000 మీటర్లు, సరిగ్గా రెండు నిమిషాల్లో గెలిచింది. అదే ఏడు 2,400 మీటర్ల బెల్మాంట్‌లో మూడో స్థానానికి పడిపోయింది. దూరం పనికిరాదనడానికి అంతకన్నా రుజువు ఏం కావాలి? కానీ దాని కొడుకు నిజిన్‌స్కీ 1970లో ఇంగ్లండు డర్బీ గెలిచి, దాదాపు 2,900 మీటర్ల సెయింట్ లెజర్ కూడా గెలిచింది. అక్కడి మూడు పెద్ద క్లాసిక్‌లూ గెలిచిన గుర్రం దాని తర్వాత ఇప్పటిదాకా లేదు. అయితే నిజిన్‌స్కీ తల్లి ఫ్లేమింగ్ పేజ్ కూడా తక్కువది కాదు, 1962లో కెనడాలో క్వీన్స్ ప్లేట్ గెలిచిన ఆడ గుర్రం. తండ్రి పేరే అందరి నోటా నానుతుంది గానీ పిల్లలో సగం తల్లిదే. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా అయితే పూర్తిగా తల్లి వైపు నుంచే వస్తుంది.

నాకు ఇంకా ఇష్టమైన ఉదాహరణ సర్ ట్రిస్ట్రమ్. 19 పరుగుల్లో రెండే గెలుపులు. న్యూజిలాండు తీసుకుపోయినప్పుడు దానికి ఆడ గుర్రాలను పంపడానికి మంచి ఆసాములు వెనకాడారు. దాని పిల్లల్లో 45 గుర్రాలు గ్రూప్ వన్ పందేలు, అంటే అత్యున్నత స్థాయి పందేలు గెలిచాయి. అందులో ఇద్దరు మెల్‌బోర్న్ కప్ విజేతలు. దాని కొడుకు జాబీల్ మరో ముగ్గురు మెల్‌బోర్న్ కప్ విజేతలకు తండ్రి అయింది. తాను చేయలేని పనిని సంతానానికి ఇవ్వగలిగే తండ్రులు ఉంటాయి. తాను అద్భుతంగా చేసి పిల్లలకు ఏమీ ఇవ్వనివి వాటికన్నా ఎక్కువ ఉంటాయి, వాటి పేర్లు ఎవరూ గుర్తు పెట్టుకోరు.

అందుకని స్టాలియన్‌ను తూచేది దాని పిల్లలతోనే. చిక్కేమిటంటే ఆ పిల్లల కోసం ఆగాలి. లెక్క చూడండి. 2020 వసంతంలో దాటిస్తే పదకొండు నెలలకు, 2021లో పిల్ల. మూడేళ్ల గుర్రాలకు పెట్టే దక్కన్ డర్బీ నాటికి 2024. ఇండియన్ డర్బీ నాలుగేళ్ల గుర్రాలకు కాబట్టి 2025. ఈలోపు ఆ స్టాలియన్ ఇంకో నాలుగు సీజన్లు దాటేసి ఉంటుంది. మంచిదో కాదో తెలియకుండానే ఐదు కాన్పుల పిల్లలు నేల మీదనో తల్లి కడుపులోనో ఉంటాయి. పైగా రేసు గుర్రాల్లో ఇంజెక్షన్ పద్ధతి, అంటే కృత్రిమ గర్భధారణ, ప్రపంచమంతటా నిషేధం. స్వయంగా దాటిస్తేనే పుట్టిన పిల్లను స్టడ్‌బుక్‌లో రాస్తారు.

ఈ ఆగడానికి ఎవరికీ తీరిక లేదు. మన దేశంలో జరిగే పందేల్లో ఎక్కువ భాగం పొట్టి దూరాలే. రెండేళ్ల వయసులోనే పరుగెత్తి పెట్టుబడి తెచ్చిపెట్టే పిల్ల కావాలంటారు. అందుకని వేగం ఇచ్చే తండ్రికి గిరాకీ. యీట్స్ అనే గుర్రం 2006 నుంచి 2009 దాకా వరుసగా నాలుగుసార్లు ఆస్కాట్ గోల్డ్ కప్ గెలిచింది, అంతకుముందు ఎవరూ చేయని పని. రిటైరయ్యాక దాన్ని కంచెలు దూకే పందేల గుర్రాలను పుట్టించడానికే వాడారు. చదును పందేలకు దాని పిల్లలు కొనేవాళ్లు లేరు. ఆస్ట్రేలియా వేగం మీదనే దృష్టి పెట్టి పెంచింది. ఇప్పుడు తమ సొంత మెల్‌బోర్న్ కప్ కోసం యూరప్ నుంచి గుర్రాలు తెచ్చుకుంటున్నారు.

మనవాళ్లు గుర్రం లక్షణాల గురించి ఏనాడో రాశారు. మనుమంచి భట్టు తెలుగు పద్యాల్లోనే అశ్వలక్షణాలు చెప్పాడు. సుడి ఎక్కడుంటే యజమానికి మంచిది, ఎక్కడుంటే కీడు అనే పరీక్ష మన అంగళ్లలో ఎడ్లు కొనేవాళ్లు ఈనాటికీ చేస్తారు. సుడికి దమ్ముకు సంబంధం లేదని నేను చెబితే మా మేనమామ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోడు. ఈ కాలపు సుడి జన్యు పరీక్ష. 2010లో డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఎమ్మెలిన్ హిల్ బృందం మయోస్టాటిన్ అనే జన్యువును బట్టి గుర్రం పొట్టి దూరానికా, మధ్యదూరానికా, పొడుగు దూరానికా అనేది చాలావరకు చెప్పవచ్చని చూపింది. సుడి కన్నా ఇది లక్ష రెట్లు నయం. ఏ దూరానికి సరిపోతుందో చెబుతుంది. అక్కడ గెలిచే సత్తా ఉందో లేదో మాత్రం చెప్పదు. దానికి మళ్లీ పిల్లలనే చూడాలి.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వస్తాను. నిజానికి ఈ ప్రసంగం ఒప్పుకున్నది దీని కోసమే.

అమ్రాబాద్, పదర, లింగాల, అచ్చంపేట వైపు నల్లమలలో మేసే పొడ తూర్పు పశువులు మీకు తెలుసు. తెలుపు మీద గోధుమరంగు పొడలు, బిగువైన కాళ్లు, గట్టి గిట్టలు. పాలు కొద్దిగానే. రాళ్ల చెలకలో పొద్దంతా నాగలి గుంజే ఎడ్ల కోసమే వాటిని సాకారు. రేసు భాషలో చెప్పాలంటే అవి స్టేయర్లు. మేళ్లచెరువు శివరాత్రి పందేల్లో బండ లాగే ఒంగోలు ఎడ్లది బలం. వీటిది ఓపిక. లంబాడా కుటుంబాలు తరతరాలుగా కాపాడిన ఈ పశువులకు 2020లో జాతీయ స్థాయిలో ప్రత్యేక జాతిగా గుర్తింపు వచ్చింది. తెలంగాణ నుంచి అట్లా నమోదైన మొదటి ఆవు జాతి ఇదే.

పేరు నమోదైంది. ఆబోతుల సంగతి? మొన్న అమ్రాబాద్ వైపు పోయినప్పుడు ఒక పెద్దమనిషి, మంద ఆసామి, చెప్పిన మాట నన్ను కదిలించింది. "సార్, మంచి కోడెకే మంచి ధర. దాన్నే కురుమూర్తి జాతరకు తోలుకపోతం. మిగిలింది మందల ఉంటది" అన్నాడు. అర్థమైందా? కొన్నవాళ్లు దానికి విత్తులు కొట్టిస్తారు, దుక్కికి కట్టుకుంటారు. ఏటా అన్నిటికన్నా మంచి తండ్రి మందను వదిలిపోతున్నది, అమ్ముడుపోనిది తండ్రి అవుతున్నది. నార్తర్న్ డ్యాన్సర్‌ను జట్కాకు కట్టినట్టు. ఆయనను తప్పుపట్టలేం. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్ల గిరాకీ తగ్గింది, అడవిలో మేత మీద ఆంక్షలు పెరిగాయి, ఇంట్లో పిల్లల ఫీజులున్నాయి. చేతికొచ్చిన ధర ఎట్లా వదులుకుంటాడు?

రేసు గుర్రానికి మూడు వందల ఏళ్ల వంశావళి కాగితాల మీద ఉంది. బైర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గోడాల్ఫిన్ అరేబియన్ దాకా వెనక్కి పోవచ్చు. పొడ తూర్పుకు తల్లి పేరు ఆసామికి నోటికి వస్తుంది, తండ్రి ఎవరంటే మంద వైపు చెయ్యి చూపిస్తాడు.

పెద్ద పథకం ఏమీ అడగడం లేదు. ఏటా రెండు మూడు మంచి కోడెలకు జాతరలో వచ్చే ధరను మనమే ఆసామికి ఇచ్చి, వాటిని ఆయన మందలోనే ఉంచుదాం. నాలుగేళ్లు. దాటిన ఆవు ఏది, ఈనిన తేదీ, దూడ మగదా ఆడదా, పొడ ఎట్లా ఉంది, పెద్దయ్యాక పనికి కట్టినవాళ్లు ఏమన్నారు, ఇవి రాయడానికి ఒక నోటు పుస్తకం చాలు. అచ్చంపేట ప్రాంతంలో టీచర్లుగా ఉన్న మనవాళ్లు ముగ్గురు ఇప్పటికే ఒప్పుకున్నారు. ఒకే ఆబోతును ఎక్కువ ఏళ్లు ఉంచితే దాని కూతుళ్లనే అది దాటుతుంది, అందుకని మందలు మార్చే ఏర్పాటు కూడా చూడాలి. ఆ పని నాది.

దీపావళి దాటగానే కురుమూర్తి జాతరకు పోతున్నాను. పశువుల అంగడిలో రెండు రోజులుంటా. వచ్చేవాళ్లు భోజనాల దగ్గర నాకు పేరివ్వండి. ఎడ్ల పళ్లు చూసి వయసు చెప్పగలిగే పెద్దవాళ్లు ఎవరన్నా ఉంటే తప్పకుండా రావాలి, నా కళ్లజోడు మీద నాకు నమ్మకం తక్కువ.