గట్టున చెట్టు, కొట్టంలో బర్రె
(నారాయణఖేడ్‌లో పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అడవి పరిశ్రమల గురించి పాల సంఘంలో మాట్లాడడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చును. అయితే ఈ రోజులలో దేశదేశాలలో ఒక మాట బాగా వినవస్తున్నది. భూమిలోంచి తవ్వి తీసే బొగ్గు, చమురులకు బదులు భూమి మీద పెరిగేవాటితో పని జరుపుకోవాలని, వాడినదాన్ని పారవేయక తిరిగి వాడాలని ఆ మాట. దానికి చక్రీయ జీవాధార ఆర్థిక వ్యవస్థ అని పెద్ద పేరే పెట్టినారు. పేరు కొత్తది గాని పని మనకు కొత్త కాదు. చొప్ప బర్రెకు, పేడ చేనుకు, చేను మళ్ళీ చొప్పకు. ఈ చక్రంలో చెట్టు చోటెక్కడ, దానివల్ల పాలవారికి లాభమా నష్టమా అన్నదే మేము ఈ పూట చెప్పదలచినది.

ముందు మిల్లు సంగతి. కాగితం మిల్లులో కట్టెను ముక్కలు చేసి, మందులు కలిపి ఉడికిస్తారు. అందులో సుమారు సగమే పీచుగా చేతికి వస్తుంది. మిగతాది నల్లని ద్రవంలో కరిగిపోతుంది. ఆ ద్రవాన్ని చిక్కబరచి బాయిలరులో మండిస్తే ఆవిరి, కరెంటు వస్తాయి. వేసిన మందులు కూడా చాలావరకు తిరిగి దక్కుతాయి. వెన్న తీసిన తరువాత మజ్జిగను మనం పారబోయము గదా, అట్లాగే. వాడిన కాగితాన్ని నానబెట్టి మళ్ళీ కాగితం చేస్తారు. కాని ప్రతిసారీ పీచు పొట్టిదవుతుంది గనుక కొత్త కట్టె కొంత కలపక తప్పదు. కాగితమనగానే మట్టిలో కలిసిపోతుందని నమ్మనూ రాదు. నెలల తరబడి నిలువ ఉండే పాలు పోసే అట్టపెట్టెలో అట్టతో పాటు ప్లాస్టిక్ పొర, అల్యూమినియం పొర కూడా ఉంటాయి. వాటిని విడదీయడం ఒక పెద్ద పని.

ఆ కొత్త కట్టె ఎక్కడినుంచి రావాలి? వెనుక మన మిల్లులు సర్కారు అడవి మీద ఆధారపడేవి. కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ మిల్లుకు ఆదిలాబాదు అడవుల వెదురు వెళ్ళేది. 1988 నాటి జాతీయ అటవీ విధానం, పరిశ్రమలు తమకు కావలసిన కలపను సాధ్యమైనంతవరకు రైతులతో నేరుగా సంబంధం పెట్టుకొని సమకూర్చుకోవాలని, అడవి సరుకును చౌకగా ఇచ్చే పద్ధతి మానాలని చెప్పింది. మిల్లుల దృష్టి రైతు పొలం మీదికి మళ్ళింది. భద్రాచలం దగ్గరి సారపాక మిల్లువారు మేలురకం జామాయిల్ క్లోన్లు తయారుచేసి రైతులకిచ్చారు. కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలలో సుబాబుల్ విస్తారంగా వేశారు. అడవికి ఇది మేలే.

రైతుకు మేలా అంటే, సగమే. ఆ జిల్లాలలో కట్టె ధర పడిపోయిందని రైతులు ఎన్నోసార్లు మొరపెట్టుకున్నారు. ప్రభుత్వం, మార్కెట్ కమిటీలు కలుగజేసుకోవలసి వచ్చింది. మీ పాలకు రెండు పూటలా కొలత ఉన్నది, వెన్న శాతం మీ కళ్ళెదుటనే తేలుతుంది. కట్టెకు మూడు నాలుగేళ్ళకొకసారి లారీ వస్తుంది, ఆనాడు ఎంతంటే అంత. చెట్టు మరో ఏడాది ఆగగలదు, అప్పు ఆగదు. కొనేవాడు ఒక్కడే అయితే మరీ ప్రమాదం. సిర్పూర్ మిల్లు 2014లో ఆగి, 2018లో చేతులు మారినదాకా తెరుచుకోలేదు. మంగపేట మండలం కమలాపురంలోని రేయాన్ గుజ్జు మిల్లు కూడా 2014లోనే ఆగింది.

ఫిన్లాండు, స్వీడన్ దేశాలవారు దీనికొక మార్గం చూపినారు. ఫిన్లాండులోని మెట్సా అనే పెద్ద గుజ్జు, కలప సంస్థకు యజమాని ఒక సహకార సంఘం. సుమారు 90 వేలమంది అడవి సొంతదారులు అందులో సభ్యులు. 2017లో ఆనెకోస్కి అనే ఊళ్ళో వారు నడిపించిన మిల్లు, బొగ్గు చమురు లేకుండా నడుస్తూ, తనకు కావలసినదానికి మించి కరెంటు తయారుచేస్తున్నది. స్వీడన్‌లో సొడ్రా కూడా ఇట్లాంటి సంఘమే. పాలకు మనం ఏ పద్ధతి పెట్టుకున్నామో వారు కట్టెకు అదే పెట్టుకున్నారు.

ఇక మన ఖేడ్ మాట. సారపాక ఇక్కడికి సుమారు 400 కిలోమీటర్లు. కట్టె బరువైన సరుకు. లాభం కిరాయికే పోతుంది. ఎవరో చెప్పినారని చేనంతా జామాయిల్ పెడితే, నాలుగేళ్ళు జొన్న ఉండదు, చొప్ప ఉండదు. చొప్ప లేని ఊళ్ళో పాల కేంద్రం ఎన్నాళ్ళు నడుస్తుంది? కాబట్టి చేనంతా చెట్లు వద్దు, గట్టు మీదనే వేయండి అని మేము గట్టిగా చెప్పుచున్నాము. మిల్లుకు మనం దూరం గాని, మన కొట్టానికి మన గట్టు దగ్గర.

గట్టుకు సుబాబుల్, అవిసె మంచివి. ఆకు పశువుకు, కొమ్మ పొయ్యికి. సుబాబుల్ ఆకులో మాంసకృత్తులు ఎక్కువ, కాని మైమోసిన్ అనే విషపదార్థం కూడా ఉన్నది. మితిమీరితే వెంట్రుకలు రాలి, పశువు నీరసిస్తుంది. మొత్తం మేతలో మూడో వంతు మించకుండా, చొప్పతో కలిపి వేయండి. ఆస్ట్రేలియావారు ఈ చిక్కు తీర్చడానికి 1980 దశకంలో హవాయి మేకల కడుపులోని సూక్ష్మజీవులను తెచ్చి తమ పశువులకెక్కించారు! మన దేశపు పశువులలో ఆ జీవులు చాలావాటికి సహజంగానే ఉన్నవని తేలింది. అయినా కొలత మరువకండి. కాయ ముదరకముందే కొమ్మ నరకాలి, లేకుంటే విత్తనం రాలి చేనంతా కలుపవుతుంది.

పేడను పిడకలుగా కాలిస్తే అందులోని నత్రజని గాలికి పోతుంది. నాలుగైదు పశువులుండి రోజుకు 50 కిలోల పేడ వచ్చే ఇంటికి రెండు ఘనపు మీటర్ల గోబర్‌గ్యాస్ ప్లాంటు చాలు. ఐదారుగురి వంట జరుగుతుంది, బయటకు వచ్చే మడ్డి ఎరువుగా చేనుకు, గట్టు చెట్లకు పోతుంది. కట్టెల మోపు బరువు ఎంతో ఇక్కడ కూర్చున్న అక్కలకు తెలుసు, అన్నలకు అంతగా తెలియదు. అందుకే ప్లాంటు విషయం ఇంట్లో తేల్చేటప్పుడు అక్కల మాటే ముందు వినవలెను. పొయ్యికి అక్కరలేని కట్టె మిగిలితే, ఒక్కొక్కరు అమ్ముకోక పది ఇండ్లవారు కలిసి, తూకం మీ ఎదుట వేయించి అమ్మండి.

సుబాబుల్ విత్తనం పెంకు గట్టిది. పొయ్యి మీంచి దించిన వేడి నీళ్ళలో రెండు మూడు నిమిషాలుంచి, తీసి, చన్నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. మృగశిర కార్తె వానలకు గట్టున పెట్టవచ్చును. మొదటి ఏడు మాత్రం మేకలను దరిచేరనీయకండి.